పొయ్యిలోకా? చేనులోకా?

పచ్చడికి వేయించుకునే వేరుశనగ గుళ్లు మన వంటింట్లో లేని రోజుండదు. రాయలసీమలో పుట్టిన నాకు అవి శెనక్కాయలు. ఆ చేను గురించి మా అమ్మమ్మగారింట్లో ఏటా జరిగే తగవొకటి ఇప్పటికీ గుర్తే. పేడంతా పెంటదిబ్బకు చేరాలని తాతయ్య. పొయ్యి మండాలంటే పిడకలు కొట్టక తప్పదని అమ్మమ్మ. "మీ ఆడవాళ్ల చేతుల్లో ఎరువంతా బూడిదైపోతోంది" అని ఆయన విసుక్కుంటే ఆమె మారు మాట్లాడేది కాదు. తప్పు ఆమెదేనని నేనూ అనుకునేదాన్ని.

అసలు వేరుశనగ మన నేలలో పుట్టిన పంట కాదు. దక్షిణ అమెరికా నుంచి సముద్రాలు దాటి వచ్చింది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని మార్సేల్ నగరపు నూనె, సబ్బు కర్మాగారాలకు ఈ గింజలు కావలసి వచ్చాయి. పుదుచ్చేరి రేవు నుంచి ఓడలకెక్కాయి. దాంతో మద్రాసు రాజధానిలో సాగు పెరిగింది.

వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కదా, మళ్ళీ పేడ ఎందుకు అంటారేమో! ఈ మొక్క పూత పూశాక ఊడలు దించి మట్టిలో కాయ కాస్తుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు. పశువుల ఎరువు నేలను గుల్లగా ఉంచుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. అందుకే ఆఖరి దుక్కిలో ఎకరానికి 4, 5 టన్నులు వేయమంటారు. అదీ బాగా చివికినదే సుమా! పచ్చిపేడ వేస్తే చెదలు, వేరుపురుగు చేరతాయి. వేసవిలో గొర్రెల మందను రాత్రిళ్లు చేలో ఆపించుకోవడమూ మన వాళ్ల పాత పద్ధతే. పెంటికలూ మూత్రమూ రెండూ నేలకే దక్కుతాయి, బండి తోలే పని ఉండదు.

ఇక మా ఇంటి తగవు సంగతి. మన సేద్యాన్ని పరిశీలించడానికి 1889లో ఇంగ్లండు నుంచి డాక్టర్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చారు. 1893లో అచ్చయిన నివేదికలో ఆయన తేల్చిందేమంటే, రైతులు పేడ విలువ తెలియక కాల్చడం లేదు, వంటచెరకు దొరక్క కాలుస్తున్నారు అని. ఊళ్ల దగ్గర వంటచెరకుకు చెట్లు పెంచండి, పేడ దానంతటదే చేలకు చేరుతుందన్నారు. చదువుతుంటే మా అమ్మమ్మే కళ్ల ముందు మెదిలింది. ఆమె చేతిలో కట్టెపుల్ల లేదు. అంతే!

తర్వాత ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డ్ గారు పేడ కొంచెమే ఉన్నా చెత్తాచెదారంతో కలిపి మూడు నెలల్లో మంచి ఎరువు చేసే పద్ధతి రూపొందించి, 1931లో పుస్తకంగా వెలువరించారు. గోబర్ గ్యాసు వచ్చి అదే పేడతో పొయ్యినీ చేనునూ రెంటినీ ఆదుకుంది. 1999లో దీపం పథకంతో మన పల్లె పొయ్యిలకు గ్యాసు బండలూ వచ్చాయి.

పొయ్యి పేడను వదిలింది. కానీ ఈలోగా ట్రాక్టరు వచ్చి కాడెద్దులు తగ్గిపోయాయి! ఇప్పుడు ఎరువు కావాలంటే కొనుక్కోవలసి వస్తోంది.

ఈసారి పల్లీలు వేయించేటప్పుడు, పొగలో కళ్లు తుడుచుకుంటూ మాట పడిన ఆ తల్లులను ఒక్కసారి తలుచుకోండి.