ఇత్తడి వాద్యాల ఛాయాచిత్రణ: వర్ణం, ప్రతిబింబం, చారిత్రక సాక్ష్యం

ఉపోద్ఘాతం

వాద్యాల చరిత్ర రచనకు లిఖిత ఆధారాలతోపాటు పాత ఛాయాచిత్రాలూ ముఖ్యమైన ఆకరాలు. వాద్యం ఏ లోహంతో చేసినది, ఎంతగా వాడినది, ఏ చేతితో పలికించేవారు వంటి విషయాలను పరిశోధకులు వాటి నుండి ఊహిస్తుంటారు. అయితే మెరుగుపెట్టిన ఇత్తడి విషయంలో ఛాయాచిత్రం చూపేదంతా యథార్థం కాదు. ఇత్తడి పసుపుదనం ఒక సమస్య, అద్దం వంటి దాని మెరుపు మరొక సమస్య. ఈ రెండింటి చరిత్రను పరిశీలించి, చిత్రాలను సాక్ష్యంగా స్వీకరించడంలో పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వర్ణ సమస్య

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో ఫలకాలు ప్రధానంగా నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలకే స్పందించేవి. రాగి, జింకుల మిశ్రమమైన ఇత్తడి నీలికాంతిని తక్కువగా పరావర్తనం చేస్తుంది. అందువల్ల తళతళలాడే ఇత్తడి సైతం ఆ చిత్రాలలో కంటికి కనిపించేదానికన్నా నల్లగా పడేది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలపు సైనిక వాద్యబృందాలలో ఇత్తడి వాద్యాలతోపాటు తెల్లని జర్మన్ సిల్వర్ వాద్యాలూ ఉండేవి. ఆ బృందాల చిత్రాలలో నల్లగా ఉన్న వాద్యాన్ని చూసి అది చిలుము పట్టినదనో, నిర్లక్ష్యానికి గురైనదనో నిర్ణయించడం సరికాదు.

ఇనుప రేకుపై తీసే టిన్‌టైప్ చిత్రాలతో మరో చిక్కు ఉంది. వాటిలో కుడిఎడమలు తారుమారవుతాయి. కుడిచేతి వేళ్లతో మీటలు నొక్కే కార్నెట్ వాదకుడు ఎడమచేతివాటం వాడిగా కనిపిస్తాడు.

1873లో హెర్మన్ వోగెల్ కొన్ని అద్దకపు రంగులను చేర్చి ఫలకాలకు ఆకుపచ్చ కాంతిని గ్రహించే శక్తి కల్పించవచ్చని కనుగొన్నాడు. 1880ల నాటి ఆర్థోక్రోమాటిక్ ఫలకాలు, 1906లో ఇంగ్లండులో రాటెన్ అండ్ వైన్‌రైట్ సంస్థ విడుదల చేసిన పాంక్రోమాటిక్ ఫలకాలు దీని కొనసాగింపే. వీటితో ఇత్తడి ఛాయ వాస్తవానికి చేరువైంది.

2. ప్రతిబింబ సమస్య

మెరుపును రసాయనశాస్త్రం తీర్చలేకపోయింది. 1853లో చార్లెస్ థర్‌స్టన్ థాంప్సన్ లండన్‌లోని గోర్ హౌస్‌లో ఒక వెనీషియన్ దర్పణాన్ని చిత్రించినప్పుడు, కెమెరాతో సహా ఆయన రూపమే అందులో పడింది. దర్పణం ఎదుటనున్న దానినే చూపుతుంది. వాద్యపు విప్పారిన ముఖం, వంపు తిరిగిన గొట్టాలు దాదాపు గది మొత్తాన్ని చూపుతాయి. కనుక ఇత్తడి వాద్యానికి వెలుగు అమర్చడమంటే అది ప్రతిబింబించే పరిసరాలను అమర్చడమే. చుట్టూ తెల్లని పలుచటి తెరలు కట్టి, వాటి గుండా కాంతిని ప్రసరింపజేస్తే మిరుమిట్లు తగ్గుతాయి. అంచుల వెంట నల్లని అట్టలు నిలిపితే గొట్టం గుండ్రదనం స్పష్టమవుతుంది. తయారీదారు చెక్కిన పేరు కనిపించాలంటే పక్కనుంచి ఏటవాలు వెలుగు అవసరం.

గాజు, నీరు వంటి వాటి మెరుపును తగ్గించే ధ్రువణ ఫలకం ఒక్కటే లోహంపై అంతగా పనిచేయదు. దీపానికీ, కటకానికీ రెండింటికీ పరస్పరం లంబంగా ఫలకాలు అమర్చితే లోహపు మెరుపు అణగుతుంది. కాని మెరుపు పూర్తిగా పోతే ఇత్తడి లోహంలా కాక రంగు పూసిన వస్తువులా కనిపిస్తుంది. చిత్రం కోసం వాద్యాన్ని తోమి మెరిపించడం అంతకన్నా ప్రమాదకరం. పదేపదే తోమితే చెక్కడపు గీతలే అరిగిపోతాయి.

ముగింపు

వర్ణ సమస్య 20వ శతాబ్ది ఆరంభానికి చాలావరకు తీరింది. ప్రతిబింబ సమస్యకు మాత్రం ప్రతి వాద్యం వద్దా కొత్తగా పరిష్కారం వెతకవలసిందే. కాబట్టి పాత చిత్రాన్ని ఆధారంగా గ్రహించే పరిశోధకుడు ముందుగా అది ఏ పద్ధతిలో తీసినదో నిర్ధారించుకోవాలి. కొత్తగా చిత్రించేవారు వెలుగు అమరికను చిత్రంతోపాటు నమోదు చేయాలి. అప్పుడే ఛాయాచిత్రంలోని నలుపుతెలుపులలో ఏది వాద్యానిదో, ఏది ఛాయాచిత్రణ పద్ధతిదో వేరుచేయడం సాధ్యమవుతుంది.