ఇంటి గుట్టు – ఎదుటి ఇంటి శోకం

2014 జులైలో, "దృశ్యం" విడుదలైన రెండవ ఆదివారం నాడు, చోడవరంలో మా అమ్మను మధ్యాహ్నపు ఆటకు తీసుకువెళ్ళాను. మా ఊరు అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరింది. చెరకు, బెల్లం, గోవాడ చక్కెర కర్మాగారం, స్వయంభూ విఘ్నేశ్వరుని గుడి.. మా ఊరి పేరు చెప్పగానే బయటివారికి గుర్తు వచ్చేవి ఇవే. సినిమా చూడడమన్నది మా ఇళ్ళలో ఇంటిల్లిపాదీ కలసి చేసే పని గనుక, ఆనాటి హాలు నిండా కుటుంబాలే ఉన్నాయి.

చిత్రం చివరి ఘట్టంలో పోలీసులు పెరటి గొయ్యి తవ్వుతారు. శవం బయటపడుతుందని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. తీరా చూస్తే అందులో పశువు కళేబరం! హాలంతా చప్పట్లతో మారుమ్రోగింది. నేనూ కొట్టాను. అమ్మ మాత్రం కదలలేదు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో కూర్చుని, నన్ను చూడకుండానే అన్నది: "అందరూ చప్పట్లు కొడతన్నారు గానీ, ఆ కుర్రాడి తల్లికి బొమికైనా దక్కలేదు కదరా!"

ఈ వ్యాసం ఆ ఒక్క మాట వల్ల పుట్టినది. కథను చివరి వరకు చెప్పవలసి వస్తుంది, చూడనివారు మన్నించాలి.

ముందుగా చిత్ర చరిత్ర కొంత. జీతూ జోసెఫ్ రచించి దర్శకత్వం వహించిన మలయాళ మాతృక 2013 డిసెంబరు 19న వచ్చింది. అందులో మోహన్‌లాల్ కథానాయకుడు. 2014లో కన్నడంలో పి. వాసు దర్శకత్వాన రవిచంద్రన్‌తో "దృశ్య"గాను, 2015లో తమిళంలో కమల్ హాసన్‌తో "పాపనాశం"గాను, అదే ఏడు హిందీలో అజయ్ దేవగణ్‌తోను వచ్చింది. 2019లో చైనీయులు కూడా దీనిని తమ భాషలో తీసుకున్నారు. తెలుగు చిత్రం 2014 జులై 11న విడుదలైనది. నిర్మాణంలో సురేష్ బాబు, రాజ్‌కుమార్ సేతుపతి పాలుపంచుకున్నారు. దర్శకురాలు శ్రీప్రియ.

ఇన్ని దేశాలవారు ఈ కథను తమదిగా భావించడానికి కారణం ఊహించదగినదే. కుటుంబంపై విధేయత ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న అన్ని జాతులకూ ఉన్నది. మనకైతే అది రామాయణమంత పాతది. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనవారు సామెత కట్టారు. విభీషణుడు ధర్మపక్షాన నిలిచాడని పురాణం విని తల ఊపుతాము. కాని ఏ తల్లీ తన బిడ్డకు విభీషణుడని పేరు పెట్టగా నేను చూడలేదు. అన్న చేసింది తప్పని తెలిసీ, ఆ మాట అన్న ముఖం మీదనే చెప్పి, అయినా అన్న కోసం యుద్ధానికి వెళ్ళి చచ్చిన కుంభకర్ణుని పట్ల మనకు లోలోపల ఒక జాలి, ఒక గౌరవం ఉన్నాయి. పైకి విభీషణుని మెచ్చుకుంటాము, ఇంట్లో కుంభకర్ణుని కోరుకుంటాము.

మన సినిమాలు కూడా ఈ రెండు దారులలోనే నడిచాయి. మొదటిది విభీషణుని దారి. మెహబూబ్ ఖాన్ "మదర్ ఇండియా" (1957)లో తల్లి ఊరి ఆడపిల్ల మానం కోసం కన్నకొడుకునే కాల్చివేస్తుంది. ఆ కథ తెలుగులో జమున ప్రధాన పాత్రగా "బంగారు తల్లి" (1971) అయినది. "దీవార్" (1975)లో తల్లి దొంగ అయిన పెద్దకొడుకు మేడను వదలి, పోలీసు అయిన చిన్నకొడుకు వెంట వెళ్ళిపోతుంది. దానిని ఎన్.టి. రామారావుతో "మగాడు" (1976)గా తీశారు. ఈ చిత్రాలలో రక్తసంబంధం చట్టం ముందు ఓడిపోతుంది, ప్రేక్షకుడు కన్నీళ్ళతో ఆ ఓటమిని ఒప్పుకుంటాడు.

రెండవది కుంభకర్ణుని దారి. మారియో పుజో నవల ఆధారంగా కొప్పోలా తీసిన "గాడ్‌ఫాదర్" (1972) దీనికి ప్రపంచమంతటా పెద్ద బాట వేసింది. నేరాలతో సంబంధం లేకుండా బ్రతకాలనుకున్న చిన్నకొడుకు, తండ్రిపై కాల్పులు జరిగినందుకు తుపాకి పట్టి, చివరకు తండ్రి కుర్చీలోనే కూర్చుంటాడు. తెలుగులో రాంగోపాల్ వర్మ "గాయం" (1993)లోను, "సమరసింహారెడ్డి" (1999) తరువాత వరుసగా వచ్చిన కక్షల కథలలోను ఈ వంశవిధేయతనే రకరకాలుగా చూశాము. అయితే వాటిలోని నాయకులు మనవంటివారు కారు. వారికి అనుచరులు, వాహనాలు, కత్తులు ఉంటాయి. మనము దూరాన కూర్చుని చూస్తాము.

"దృశ్యం" ఆ దూరాన్ని తుడిచివేసింది. రాంబాబు కేబుల్ టీవీ నడుపుకునే మనిషి. తెలుగు చిన్న ఊళ్ళకు ఈ మనిషి ఎంత దగ్గరివాడో చెప్పనక్కరలేదు. 1991 గల్ఫ్ యుద్ధాన్ని టీవీలో చూసిన నాటి నుండి మన దేశంలో డిష్‌లు లేచాయి. 1995లో ఈటీవీ, జెమినీ రావడంతో తెలుగు ఇళ్ళకు తీగలు ప్రాకాయి. అదే ఏడు కేబుల్ నెట్‌వర్కుల చట్టమూ వచ్చింది. మా వీధిలో ప్రతి నెలా మొదటివారంలో డబ్బులకు వచ్చే కేబుల్ కుర్రాడికి ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరింట్లో మాటలు లేవో అన్నీ తెలిసేవి. అటువంటివాడు రాత్రంతా ఆఫీసులో కూర్చుని సినిమాలు చూస్తూ నేర్చుకున్న తెలివి, ఈ కథలో ఒక కుటుంబానికి కవచమవుతుంది.

ఆ తెలివి ఎటువంటిదో గమనించండి. ఐజీ కొడుకు వరుణ్, రాంబాబు పెద్దకూతురు స్నానం చేస్తుండగా రహస్యంగా చిత్రీకరించి, దానితో బెదిరించడానికి ఇంటికి వస్తాడు. పెనుగులాటలో పిల్ల కొట్టిన దెబ్బకు చనిపోతాడు. తల్లీకూతుళ్ళు శవాన్ని పెరట్లో పాతిపెడతారు. మరునాడు రాంబాబు కుటుంబాన్ని తీసుకుని పట్నం వెళతాడు. బస్సు ఎక్కుతారు, సినిమా చూస్తారు, హోటల్లో తింటారు. తరువాత అతడు ఆ కండక్టరును, ఆ హోటలువానిని, సినిమా వేసే ఆపరేటరును మళ్ళీ పలకరించి, తాము వచ్చినది ఫలానా తేదీన అని మాటలలో నాటుతాడు. సాక్షులెవరూ అబద్ధం చెప్పరు. వారు నిజంగానే చూశారు, నిజంగానే గుర్తున్నది. తేదీ ఒక్కటే జరిగిపోయింది. కత్తులూ కటార్లూ లేని ఈ యుద్ధంలో ఆయుధాలు నాలుగు బస్సు టిక్కెట్లు, నాలుగు సినిమా టిక్కెట్లు.

ఇక నటవర్గం. కుటుంబాన్ని కాపాడుకోవడమనే ఈ కథ తెలుగులో ఒక కుటుంబసంస్థ నుండే వచ్చింది. 1964లో రామానాయుడు స్థాపించి పెద్దకొడుకు పేరు పెట్టిన సురేష్ ప్రొడక్షన్స్ అది. అన్న నిర్మాత, తమ్ముడు వెంకటేష్ నాయకుడు. 1986లో "కలియుగ పాండవులు"తో మొదలుకొని వెంకటేష్ సంపాదించుకున్నది కుటుంబ ప్రేక్షకుల నమ్మకం. "చంటి" (1992)లో లోకం తెలియని అమాయకునిగా, "సూర్యవంశం" (1998)లో తండ్రి చీదరించుకున్నా తండ్రినే పూజించే కొడుకుగా ఆయనను మనవారు ఇంటిమనిషిని చేసుకున్నారు. ఆ రెండింటిలోను పక్కనున్నది మీనాయే. అదే జంట రాంబాబు, జ్యోతులుగా తిరిగి కనబడేసరికి, వీరు తప్పు చేయరన్న భరోసాతోనే ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుంటాడు. శవాన్ని దాచిపెట్టేవాని వైపు మనచేత చప్పట్లు కొట్టించినది కథ ఒక్కటే కాదు, ముప్ఫై ఏళ్ళకు చేరువైన ఆ నమ్మకం కూడా.

మీనా మలయాళ మాతృకలో కూడా ఇదే తల్లి. చిన్నకూతురు వేసిన ఎస్తేర్ అనిల్ మలయాళం, తెలుగు, తమిళం మూడింటా ఆ పాత్రనే ధరించింది. పోలీసు దెబ్బలకు నోరు విప్పే ఆ పసిదాని భయం మూడు భాషలలోను ఒకే ముఖం మీద చూడవచ్చును. వరుణ్‌గా రోషన్ బషీర్ కూడా అంతే. పెద్దకూతురు కృతికా జయకుమార్. లంచగొండి కానిస్టేబులు వీరభద్రంగా రవి కాలే మనకు ఎంత కోపం తెప్పించాలో అంతా తెప్పించాడు.

కాని నా దృష్టిలో ఈ చిత్రాన్ని నిలబెట్టినవారు ఎదుటి పక్షాన ఉన్నారు. ఐజీ గీతా ప్రభాకర్‌గా నదియా, ఆమె భర్త ప్రభాకర్‌గా నరేష్. అంతకు ముందటి ఏడే "అత్తారింటికి దారేది"లో బెట్టు వీడని అత్తగా నదియాను చూశాము. ఇక్కడ ఆమె ఖాకీ దుస్తులలో కర్కశంగా ప్రశ్నిస్తూనే, మధ్యలో ఒక్క క్షణం కళ్ళు తడి చేసుకుంటుంది. "నాలుగు స్తంభాలాట" (1982) నాటి కుర్రవాడు నరేష్, భార్య ఆవేశానికి అడ్డు నిలిచే మెత్తని తండ్రి అయ్యాడు. శ్రీప్రియ బాలచందర్ "అవళ్ ఒరు తొడర్ కథై" (1974)లో నటించిన మనిషి. ఇంటి భారమంతా ఒక ఆడపిల్ల మీద పడిన కథ అది. అందుచేతనే కాబోలు, ఈ చిత్రంలో ఆమె ఇద్దరు తల్లులనూ మరువలేదు. మరచినది హాలులో ఉన్న మనము.

చట్టం ఏమంటుంది? అప్పటి భారతీయ శిక్షాస్మృతి 96 నుండి 106 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది. పిల్ల కొట్టిన దెబ్బకు ఆ వాదన నిలిచేదో లేదో గాని, వాదించే చోటు మాత్రం ఉన్నది. 212వ సెక్షన్ నేరస్థునికి ఆశ్రయమిచ్చినవారిని శిక్షిస్తూ, భార్యాభర్తలను మాత్రం మినహాయించింది. అంటే దాంపత్య విధేయతను చట్టం కూడా కొంత మన్నించినది. తల్లిదండ్రులకు ఆ మినహాయింపు లేదు. సాక్ష్యాన్ని మాయం చేయడమనే 201వ సెక్షన్‌లోనైతే ఎవరికీ లేదు. 2024 జులై 1 నుండి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా, ఈ చిక్కు చిక్కుగానే ఉన్నది.

అయినా మా అమ్మ అడిగినది చట్టం గురించి కాదు. ఆమె మాట అర్థం కావాలంటే మా అమ్మమ్మ గురించి చెప్పాలి.

అమ్మ తమ్ముడు, నాకు మేనమామ, 1978లో ఇల్లు విడిచి వెళ్ళాడు. పందొమ్మిదేళ్ళవాడు. బెల్లం అమ్మిన డబ్బు లెక్కలో తేడా వచ్చిందని తాతయ్య చేయి చేసుకున్నాడట. ఆ రాత్రి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పోలీసులకు చెబితే కొడుకును దొంగ అన్న మాట, కొట్టిన మాట బయటకు వస్తుందని, ఇంటి పరువు పోతుందని తాతయ్య ఫిర్యాదు ఇవ్వలేదు. అడిగినవారికి "కలకత్తాలో పనికి కుదిరాడు" అని ఇల్లంతా ఒకే మాట చెప్పింది. మా అమ్మ కూడా చెప్పింది. రాంబాబు తన పిల్లలచేత వల్లె వేయించిన పాఠం వంటిదే అది.

ఏడేళ్ళు కబురు లేనివానిని మరణించినట్లు భావించవచ్చునని సాక్ష్యచట్టం 108వ సెక్షన్ చెప్పింది. పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించే ఆచారం మన పెద్దలలో ఉన్నది. 1990లో పురోహితుడు ఆ మాట ఎత్తగా అమ్మమ్మ ఒప్పుకోలేదు. "బతికున్నోడికి కొరివి ఎలా పెడతారు?" అన్నదట. పొద్దు వాలాక వీధి తలుపు గడియ వేయనిచ్చేది కాదు. 1996లో ఆమె పోయినరోజు కూడా ఆ తలుపు తీసే ఉన్నది.

రావణుడు పడిపోయాక, ఆ పాపికి కర్మ చేయనని విభీషణుడు వెనుదీస్తే, వైరం చావుతో ముగిసిందని చెప్పి రాముడే అంత్యక్రియలు చేయిస్తాడు. శత్రువుకైనా దక్కవలసినది అది. రాంబాబు తన ఇంటిని కాపాడుకునేందుకు ఎదుటి ఇంటి నుండి తీసుకున్నది సరిగ్గా అదే. వరుణ్ చావు తండ్రి చేసిన నేరం కాదు. శవాన్ని కట్టబడుతున్న పోలీసు స్టేషను నేలలో దాచడం మాత్రం అతని నేరమే. ఆ తల్లిదండ్రులకు ఏడవడానికి కూడా తేదీ లేకుండా చేశాడు.

"దృశ్యం 2" 2021 నవంబరు 25న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. ఈసారి జీతూ జోసెఫ్‌యే తెలుగులోనూ దర్శకుడు. సంపత్ రాజ్ కొత్త ఐజీగా చేరాడు. అమ్మ 2018లోనే పోయినందున ఒంటరిగా చూశాను. అందులో నరేష్ పాత్ర కొడుకు అవశేషాలైనా ఇప్పించమని ప్రాధేయపడుతుంది. చివరకు రాంబాబు ఎముకలు మార్పించి కేసు నుండి మళ్ళీ బయటపడతాడు. కాని ఈసారి వరుణ్ చితాభస్మాన్ని ఆ తల్లిదండ్రులకు చేర్పిస్తాడు. ఎత్తుల మీద ఎత్తులు మెచ్చుకున్నవారు ఈ చిన్న ఘట్టాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం, ఏడేళ్ళ క్రితం ఆటోలో అమ్మ వేసిన ప్రశ్న కథకుని దాకా వెళ్ళిందా అనిపించింది.

ఆ మరుసటి నెల మా అన్నయ్యతో మాట్లాడి, మేనమామ పేరున దర్భల బొమ్మ చేయించి, ఆ కర్మ జరిపించాము. నలభై మూడేళ్ళ తరువాత. ఎలా పోయాడని పురోహితుడు అడిగాడు. కలకత్తా మాట చెప్పలేదు. తాతయ్య కొట్టిన సంగతి, ఫిర్యాదు ఇవ్వని సంగతి, ఉన్నదంతా చెప్పాము. మా ఇంటి గుట్టు ఊరిలో ఒక మనిషికి తెలిసినది అదే మొదటిసారి. ఏ లంకా కూలలేదు.