అమాండా బెరీ స్మిత్

అమాండా బెరీ స్మిత్ (1837 జనవరి 23 – 1915 ఫిబ్రవరి 24) అమెరికాకు చెందిన నల్లజాతి సువార్తికురాలు, గాయని, మద్యపాన వ్యతిరేకోద్యమ కార్యకర్త. బానిసగా పుట్టింది. చాలాకాలం బట్టలుతికి పొట్ట పోసుకుంది. ఏ చర్చీ పాదిరి పట్టా ఇవ్వకపోయినా నాలుగు ఖండాల్లో ప్రసంగాలు చేసింది. ఆ తిరుగుళ్లలో 1879 చివరి నుంచి కొంతకాలం భారతదేశంలోనూ, ఆ తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలోనూ గడిపింది.

మేరీలాండ్ రాష్ట్రంలో బాల్టిమోర్ నగరానికి దగ్గరలోని లాంగ్ గ్రీన్ ఆమె పుట్టిన ఊరు. తండ్రి శామ్యూల్ బెరీ, తల్లి మరియం పక్కపక్క పొలాల్లో వేర్వేరు దొరలకు బానిసలు. శామ్యూల్ పగలంతా దొర పని చేసి, రాత్రిళ్లు చీపుళ్లు కట్టేవాడు, మొక్కజొన్న పొట్టుతో చాపలు అల్లేవాడు. వాటిని బాల్టిమోర్ సంతలో అమ్మేవాడు. కోతల రోజుల్లో పొద్దు గూకాక మైళ్ల దూరం నడిచి వెళ్లి, వేరేవాళ్ల పొలంలో రాత్రి ఒంటిగంట, రెండింటిదాకా కూలి చేసేవాడు. కాసేపు కునుకు తీసి, తెల్లారేసరికి మళ్లీ దొర పొలంలో ఉండేవాడు. అలా కూడబెట్టిన డబ్బుతో ముందు తనను తాను కొనుక్కున్నాడు. భార్యాబిడ్డల విడుదల అంత తేలిగ్గా కాలేదు. మరియం దొరసాని కూతురు ఒక మెథడిస్టు క్యాంపు కూటంలో మారుమనస్సు పొంది, ఆ తర్వాత టైఫాయిడ్‌తో మంచం పట్టింది. మరియంనూ పిల్లలనూ శామ్యూల్‌కు కొనుక్కోనివ్వమని చనిపోయే ముందు తనవాళ్లను బతిమాలింది. ఆ మాట మీదనే కుటుంబం బయటపడింది.

తర్వాత వాళ్లు పెన్సిల్వేనియాలోని యార్క్ కౌంటీకి తరలిపోయారు. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చే బానిసలను రహస్యంగా దాటించే ఇళ్లలో బెరీల ఇల్లూ ఒకటైంది. మొత్తం 13 మంది పిల్లలు, ఆడపిల్లల్లో అమాండా పెద్దది. తండ్రి తెచ్చిన వార్తాపత్రికల్లోంచి పెద్ద అక్షరాలు కత్తిరించి, కిటికీలో పరుచుకుని, వాటిని మాటలుగా పేర్చమని తల్లిని అడిగేది. ఆమెకు చదువు వచ్చింది ప్రధానంగా ఆ కిటికీ దగ్గరే. బడికి వెళ్లింది కొద్ది నెలలే. ఐదు మైళ్లకు పైగా నడిచి వెళ్తే, పంతులు తెల్ల పిల్లల పాఠాలన్నీ అప్పజెప్పించుకున్నాక ఏమైనా సమయం మిగిలితే వీళ్లవంక చూసేవాడు.

1854లో, పదిహేడేళ్ల వయసులో, కాల్విన్ డివైన్‌ను పెళ్లాడింది. అతను మామూలుగా ఉన్నప్పుడు దేవుడి గురించి చక్కగానే మాట్లాడేవాడు. తాగితే మాత్రం నోటికి హద్దుండేది కాదు, తాగుడేమో తరచూ ఉండేది. తర్వాతి రోజుల్లో వేదికల మీద మద్యపానాన్ని ఖండించిన స్త్రీలలో చాలామంది తాగుబోతు సంసారాన్ని బయటి నుంచి చూసి జాలిపడ్డవాళ్లు. అమాండా దాని లోపల కాపురం చేసింది. 1856 మార్చిలో, పెన్సిల్వేనియాలోని కొలంబియాలో పనిమనిషిగా ఉన్నప్పుడు, ఆ ఇంటి నేలమాళిగలో మోకాళ్లూని ప్రార్థిస్తూ రక్షణ పొందానని ఆమె సాక్ష్యం. అంతర్యుద్ధంలో కాల్విన్ ఉత్తరాది సైన్యంలో చేరి దక్షిణాదికి వెళ్లాడు, మళ్లీ తిరిగి రాలేదు.

రెండో భర్త జేమ్స్ స్మిత్ ఫిలడెల్ఫియాలో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘానికి చెందినవాడు. తాను పాస్టరు కాబోతున్నానని ఆశపెట్టాడు. పాస్టరు భార్యగా దేవుడి పని చేసుకోవచ్చన్న తలంపుతో ఆమె ఒప్పుకుంది. అదంతా ఉత్తమాటేనని పెళ్లయ్యాక తెలిసింది. న్యూయార్క్‌లో ఇరుకు గదుల్లో కాపురం, పొద్దున్నుంచీ బట్టల తొట్టి ముందు చాకిరీ, రాత్రంతా ఇస్త్రీ. రెండు పెళ్లిళ్లలో పుట్టిన ఐదుగురు పిల్లల్లో మేజీ అనే కూతురొక్కతే పెరిగి పెద్దదైంది. 1869 నవంబరులో జేమ్స్ కూడా చనిపోయాడు.

అంతకు ముందు ఏడాది, 1868 సెప్టెంబరులో, గ్రీన్ స్ట్రీట్ మెథడిస్టు చర్చిలో జాన్ ఇన్‌స్కిప్ ప్రసంగం వింటూ ఆమె ‘పరిశుద్ధీకరణ’ అనుభవాన్ని పొందింది. ఆ రోజుల్లో మెథడిస్టుల్లో ఊపుమీదున్న పరిశుద్ధతా ఉద్యమానికి ఇన్‌స్కిప్ ముఖ్య నాయకుడు. అది తెల్లవాళ్ల చర్చి కావడంతో గొంతెత్తి స్తోత్రం చెయ్యడానికి ముందు జంకింది. ఆ రోజుతో తెల్లవాళ్లంటే తనకున్న భయం పోయిందని తర్వాత రాసుకుంది. వేదాంతం సంగతి ఎలా ఉన్నా, బానిసగా పుట్టిన మనిషి జీవితంలో ఆ ఒక్క మాటకు చాలా బరువుంది. 1870 నుంచి చాకిరీ మానేసి ఊరూరా ప్రసంగాలకు బయల్దేరింది. క్వేకర్ స్త్రీల పద్ధతిలో నిరాడంబరమైన గౌను, తలకు సాదా బానెట్, చేతిలో సంచి. జీతమిచ్చే సంఘం లేదు, పంపించే మిషను లేదు. ఎవరైనా ఇస్తే తీసుకునేది.

సొంత సంఘమైన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘంలోనే ఆమెకు అనుమానపు చూపులు ఎదురయ్యాయి. 1872లో నాష్‌విల్‌లో జరిగిన సంఘ మహాసభకు సొంత ఖర్చుతో వెళ్తే, స్త్రీలకు పాదిరి అభిషేకం కావాలని అడగడానికే వచ్చిందని ప్రతినిధులు గుసగుసలాడారు. ఖరీదైన దుస్తుల్లో వచ్చిన ఆడవాళ్లు ఆమె వేషాన్ని చూసి ముఖం తిప్పుకున్నారు. ఆమె మాత్రం అభిషేకం అడగలేదు. తనను పంపింది దేవుడేననీ, మనుషుల చేతులు తల మీద పడకపోయినా ఫర్వాలేదనీ ఆమె ఉద్దేశం. స్త్రీలకు ప్రసంగించే లైసెన్సు ఇవ్వడానికి ఆ సంఘం 1884లో ఒప్పుకుంది. అభిషేకానికైతే 20వ శతాబ్దం నడిమిదాకా ఆగాల్సి వచ్చింది.

1870ల్లోనే అమెరికాలో తాగుడు మీద ఆడవాళ్లు వీధికెక్కారు. 1873 డిసెంబరు 24న ఒహాయోలోని హిల్స్‌బరోలో ఎలైజా థామ్సన్ వెంట స్త్రీలు బారులు తీరి సారా దుకాణాలకు నడిచారు. దుకాణాల్లో మోకరించి ప్రార్థిస్తూ, అమ్మకం మానెయ్యమని యజమానులను బతిమాలారు. ఆ కదలిక నుంచే 1874 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో విమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ పుట్టింది. తెల్ల రిబ్బను దాని గుర్తు. ఆ యూనియన్ సభల్లో పాడుతూ, సాక్ష్యం చెబుతూ అమాండా ఆ ఉద్యమంలోకి వచ్చింది. ఆమె గొంతుకు పేరు. మాటతో కరగని జనం పాటతో కరిగేవారు.

1878లో మూడు నెలల కోసమని ఇంగ్లండుకు ఓడెక్కి, పన్నెండేళ్లు స్వదేశం ముఖం చూడలేదు. ఓడలో ఆదివారం ఆరాధన నడపడానికి పాదిరి లేకపోతే ఆమే నడిపింది. 1879లో ఫ్రాన్సు, ఇటలీ, ఈజిప్టుల మీదుగా బొంబాయి చేరింది. కలకత్తాలో మెథడిస్టు మిషనరీ జేమ్స్ థోబర్న్ ఆమెకు సభలు పెట్టించాడు. తర్వాత బిషప్ అయిన ఆయన, తాను కలకత్తాలో ఉన్న పదిహేడేళ్లలో చాలామంది పేరున్న అతిథులను చూశాననీ, జనాన్ని ఆమెలా రప్పించి కూర్చోబెట్టినవాళ్లు లేరనీ ఆమె ఆత్మకథకు రాసిన ముందుమాటలో చెప్పాడు. నైనితాల్‌లోనూ పనిచేసింది, బర్మా కూడా వెళ్లింది. భారతదేశపు మతాలను ఆమె చూసింది మాత్రం ఆనాటి మిషనరీ కళ్లద్దాల్లోంచే. ఆత్మకథలోని ఆ పేజీల్లో ఇక్కడి పాఠకుడికి చిరాకు తెప్పించే మాటలున్నాయి. అయినా తెల్ల దొరలు రాజ్యమేలుతున్న దేశంలో ఒక నల్లజాతి స్త్రీ వేదికెక్కి మాట్లాడడం, దొరలూ దొరసానులూ కింద కూర్చుని వినడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మద్యపాన వ్యతిరేక కార్యకర్తగా ఆమె అసలు పని చూడాలంటే లైబీరియాకు వెళ్లాలి. అమెరికా నుంచి పంపిన నల్లవాళ్లు స్థిరపడ్డ ఆ దేశం 1847లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1882 ఆరంభంలో ఆమె రాజధాని మన్రోవియాలో దిగింది. మిషనరీని తెచ్చిన ఓడే రమ్ము, జిన్ను పీపాలనూ తేవడం అప్పటి పశ్చిమాఫ్రికా తీరంలో మామూలు. మన్రోవియాలో, కేప్ పామస్‌లో, తీరం వెంట పల్లెల్లో టెంపరెన్స్ సంఘాలు స్థాపించింది. పెద్దలతో తాగుడు మానతామని ప్రమాణపత్రాల మీద సంతకాలు పెట్టించింది. తాగుడు అలవాటు కాకముందే పట్టుకోవాలని పిల్లలకు ‘బ్యాండ్ ఆఫ్ హోప్’ దళాలు ఏర్పాటు చేసింది. చలిజ్వరం పదే పదే పడగొట్టినా పని ఆపలేదు. అమెరికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు స్థానిక జాతులను తక్కువగా చూడడం, వాళ్ల పిల్లలకు చదువు లేకపోవడం గమనించి మొహమాటం లేకుండా రాసింది. ఇద్దరు ఆఫ్రికన్ పిల్లలను దత్తత తీసుకుంది. ఆరోగ్యం బాగా చెడ్డాకే అక్కణ్నుంచి కదిలింది.

1890లో అమెరికా తిరిగివచ్చేసరికి టెంపరెన్స్ యూనియన్ దేశంలోకెల్లా పెద్ద మహిళా సంస్థల్లో ఒకటి. లోపల మాత్రం వర్ణరేఖ అలాగే ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ల శాఖలు వేరు, తెల్లవాళ్ల శాఖలు వేరు. నల్లవాళ్లను మూకలు చంపుతుంటే యూనియన్ అధ్యక్షురాలు ఫ్రాన్సెస్ విల్లర్డ్ గట్టిగా నిలబడలేదని పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ దశాబ్దంలో బహిరంగంగానే నిలదీసింది. అమాండా ఆ యూనియన్ తరఫున సువార్తికురాలిగా తిరుగుతూనే ఉంది. 1893లో షికాగోలో ఆమె ఆత్మకథ అచ్చయింది. ఐదువందల పేజీలు దాటిన ఆ పుస్తకంలో కూలి డబ్బుల లెక్కలు, రైళ్లలో ఎదురైన అవమానాలు, చర్చి పెద్దల చిన్నబుద్ధులు అన్నీ ఉన్నాయి. భక్తుల జీవితగాథల్లో సాధారణంగా దొరకని సరుకు ఇది.

ఆ పుస్తకం మీద వచ్చిన డబ్బు, ప్రసంగాల్లో వచ్చిన కానుకలు కలిపి ఇలినాయ్ రాష్ట్రంలో నల్లజాతి అనాథల కోసం ఆశ్రమం కట్టింది. దానికి ఎంచుకున్న ఊరు షికాగో శివారులోని హార్వీ. మద్యం అమ్మకూడదన్న నియమంతో వెలసిన ఊరది. 1899 జూన్ 28న ఐదుగురు పిల్లలతో ఆశ్రమం తెరుచుకుంది. నిధులకు ఎప్పుడూ కటకటే. అరవై దాటిన వయసులో ఆమె మళ్లీ ఊరూరా తిరిగి పాడుతూ చందాలు పోగుచేసింది, ‘ది హెల్పర్’ అనే చిన్న పత్రిక నడిపింది. ఓపిక ఉడిగాక 1912లో ఫ్లోరిడాలోని సెబ్రింగ్‌కు వెళ్లింది. ఆ ఊరి స్థాపకుడు జార్జ్ సెబ్రింగ్ ఆమెకు ఇల్లు ఇచ్చాడు. మూడేళ్లకు అక్కడే కన్నుమూసింది.

హార్వీ ఆశ్రమం 1918లో అగ్నిప్రమాదానికి బూడిదైంది. ఇద్దరు బాలికలు చనిపోయారు, సంస్థను మళ్లీ తెరవలేదు. ఆత్మకథను 1988లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, 19వ శతాబ్దపు నల్లజాతి రచయిత్రుల గ్రంథమాలలో పునర్ముద్రించింది.