ఎలక్ట్రా

గ్రీకు పురాణగాథల్లో రాజు అగమెమ్నాన్, రాణి క్లైటెమ్నెస్ట్రాల కూతురు. ట్రాయ్ యుద్ధం గెలిచి ఇల్లు చేరిన తండ్రిని తల్లి, ఆమె ప్రియుడు ఏగిస్థస్ కలిసి చంపేస్తారు. ఏగిస్థస్ సవతి తండ్రిగా ఇంట్లో తిష్ఠ వేస్తాడు.

సోఫోక్లిస్ నాటకంలో ఎలక్ట్రా ఈడొచ్చినా పెళ్లి లేకుండా, ఏళ్ల తరబడి తండ్రి కోసం ఏడుస్తూనే ఉంటుంది. నాన్న సింహాసనం మీద వాడు కూర్చోవడం, నాన్న బట్టలు వాడు కట్టుకోవడం, నాన్నను చంపిన చోటే వాడు తర్పణాలు వదలడం ఆమెకు కంట్లో నలుసు. సర్దుకుపొమ్మన్న సోదరి క్రిసోథెమిస్ మాట చెవికెక్కదు. అగమెమ్నాన్ పెద్దకూతురు ఇఫిజెనియాను బలిచ్చాడని తల్లి ఎత్తిపొడిస్తే, దేవత పట్టుబట్టిందని తండ్రినే వెనకేసుకొస్తుంది. ఆరాధన ఎంత గుడ్డిదో తెలిసేది ఇక్కడే. యూరిపిడిస్ కథలో ఆమెను పేద రైతుకు కట్టబెడతారు. చివరికి తమ్ముడు ఓరెస్టిస్ తల్లినీ, ఏగిస్థస్‌నూ చంపుతాడు.

కూతురికి తండ్రిపై మమకారం, తల్లితో పోటీ ఉంటాయన్న భావనకు కార్ల్ యూంగ్ 1913లో ఈమె పేరే పెట్టి ‘ఎలక్ట్రా కాంప్లెక్స్’ అన్నాడు. ఫ్రాయిడ్ ఒప్పుకోలేదు. నిజానికి ఆ పేరు అతికినట్టు లేదు: ఎలక్ట్రా కోపానికి మూలం అసూయ కాదు, తండ్రి హత్య. రిచర్డ్ స్ట్రాస్ ఒపెరా (1909), యూజీన్ ఓనీల్ నాటకత్రయం (1931) ఈ గాథ ఆధారంగా వచ్చినవే. ‘ఎలక్ట్రా కాంప్లెక్స్’ను నేటి మనోవైద్యం రోగనిర్ధారణగా గుర్తించదు.