గర్భిణులలో చర్మపు దురద

గర్భిణులలో చర్మం పొడిబారి దురద పెట్టడం తరచుగా కనిపించే బాధ. ఎక్కువమందిలో ఇది హానిలేనిది. నూనె రాసుకోవడం, స్నానపు అలవాట్లు మార్చుకోవడం వంటి చిన్న జాగ్రత్తలతో తగ్గుతుంది. అయితే ఒంటిపై దద్దుర్లు ఏమీ లేకుండా అరచేతులు, అరికాళ్ళు దురద పెడుతున్నట్లయితే అది కాలేయ సంబంధమైన వ్యాధికి సూచన కావచ్చును. గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ రెండు రకాల దురదల మధ్య భేదం ఇక్కడ వివరించబడినది.

కారణాలు

గర్భాశయం పెరిగేకొద్దీ పొట్ట, రొమ్ములు, తొడలపై చర్మం సాగుతుంది. హార్మోన్ల మార్పు వలన చర్మం పొడిబారడం కూడా ఉంటుంది. పూర్వం నుండి ఎగ్జిమా, ఉబ్బసం వంటి ఎలర్జీ తత్వం ఉన్నవారిలో దురద తొలి నెలల్లోనే మొదలు కావచ్చు. కడుపులో బిడ్డకు వెంట్రుకలు మొలవడం వలన దురద పుడుతుందని పెద్దలు చెప్పే మాటకు ఆధారం లేదు. గోకితే పొట్టపై చారలు పడతాయన్నదీ అటువంటిదే. చారలు చర్మం సాగడం వలన ఏర్పడతాయి. గోళ్ళ గీట్లలో చీము పట్టే ప్రమాదం మాత్రం నిజమే.

ప్రాంతీయ పరిస్థితులు

ఈ మూడు పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. ఏప్రిల్ నుండి జూన్ వరకు ఎండకు సముద్రపు తేమ తోడై ఉక్కపోత తీవ్రంగా ఉంటుంది. చెమట ఆరక మెడ, వీపు, రొమ్ముల క్రింద చెమటకాయలు లేస్తాయి. గజ్జలలో తామర పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇందుకు విరుద్ధంగా చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. ఈ రెండింటికీ ఒకే ఉపాయం పనికిరాదు. శీతాకాలంలో మేలు చేసే చిక్కని నూనె పూత వేసవిలో చెమటకాయలను పెంచుతుంది. తీరానికి దగ్గరి గ్రామాలలో బోరు నీరు ఉప్పగా ఉండే చోట సబ్బు నురగ రాదు, ఒళ్ళు బిరుసెక్కుతుంది. అటువంటి చోట చివరి రెండు చెంబులైనా మంచినీటితో పోసుకోవడం మేలు.

ఉపశమనం

వేడివేడి నీళ్ళ స్నానం అప్పటికి హాయిగా తోచినా చర్మంలోని సహజమైన జిడ్డును తొలగిస్తుంది. గోరువెచ్చని లేదా చల్లని నీటితో త్వరగా స్నానం ముగించి, ఒంటిపై తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెగాని, వాసనలేని మాయిశ్చరైజరుగాని రాసుకోవాలి. సబ్బుకు బదులు మెత్తటి పెసరపిండి వాడవచ్చు, గట్టిగా రుద్దరాదు. దురద ఎక్కువైనచోట తడిగుడ్డ వేయడం, కాలమైన్ లోషన్ పూయడం ఉపశమనం కలిగిస్తాయి. వదులైన నూలు బట్టలు ధరించాలి. పక్కనే చీరాల నేత ఉండగా ఈ ప్రాంతంలో వాటికి కొరత లేదు. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి.

దురదకు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన ఇళ్ళలో అలవాటు. కర్పూరం చర్మం ద్వారా రక్తంలో చేరి మాయను దాటి బిడ్డను చేరగలదు కనుక గర్భిణులు దానిని మానుకోవాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే తామర లేపనాలలో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఇవి మొదట దురదను అణచి, తరువాత తామరను మొండిగా మారుస్తాయి. ఎక్కువ మొత్తంలో వాడితే బిడ్డ బరువు తగ్గే అవకాశమున్నది. దురద మాత్రలు కూడా వైద్యుని సలహాపైనే వాడాలి.

కాలేయ సంబంధమైన దురద

దీనిని వైద్యులు ఇంట్రాహెపాటిక్ కొలెస్టాసిస్ అంటారు. కాలేయం నుండి పిత్తరసం సరిగా ప్రవహించక, పైత్యరస ఆమ్లాలు రక్తంలో పేరుకొంటాయి. సాధారణంగా ఏడవ నెల దాటాక మొదలవుతుంది. దురద అరచేతులు, అరికాళ్ళలో ఎక్కువ. రాత్రివేళ నిద్ర పట్టనీయదు. గోకిన గీట్లు తప్ప దద్దుర్లు ఉండవు. కొందరిలో మూత్రం ముదురు రంగుకు మారడం, మలం పాలిపోవడం, కళ్ళు పచ్చబడడం కానవస్తాయి. బ్రిటనులో వెయ్యి గర్భాలలో సుమారు 7 ఈ వ్యాధికి గురికాగా, అక్కడి భారతీయ, పాకిస్తానీ సంతతి స్త్రీలలో 12 నుండి 15 వరకు ఉన్నట్లు లెక్క.

తల్లికి ఇది ప్రధానంగా నిద్రలేని బాధ, ముప్పు ఎక్కువగా బిడ్డకు. పైత్యరస ఆమ్లాలు లీటరు రక్తంలో 100 మైక్రోమోల్స్ లేదా అంతకు మించినప్పుడు బిడ్డ గర్భంలోనే మరణించే అవకాశం నూటికి సుమారు 3 అని 2019లో ప్రచురితమైన ఒక విస్తృత పరిశీలన తేల్చింది. 100 లోపు ఉన్నవారిలో ఈ ముప్పు మామూలు గర్భిణులతో దాదాపు సమానం. కాబట్టి రక్తపరీక్షే కీలకం. పైత్యరస ఆమ్లాల పరీక్షతో పాటు లివర్ ఫంక్షన్ టెస్టు చేయిస్తారు. మొదటి పరీక్ష మామూలుగా వచ్చినా దురద తగ్గకపోతే మళ్ళీ చేయించాలి. ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లపు మాత్రలు దురదను కొంత తగ్గించవచ్చునే గాని బిడ్డకు రక్షణ కల్పించినట్లు ఋజువు కాలేదు. వ్యాధి తీవ్రమైతే 35, 36 వారాలకే కాన్పు చేయడం గురించి వైద్యులు ఆలోచిస్తారు.

కళ్ళు పచ్చబడగానే పసరు మందు పోయించే ఆచారం పల్లెలలో ఇంకా ఉన్నది. గర్భిణి విషయంలో దీనివలన విలువైన రోజులు వృథా అవుతాయి.

ఇతర చర్మవ్యాధులు

తొలి కాన్పు చివరి వారాలలో పొట్ట చారలపై, బొడ్డును విడిచి, ఎర్రని దద్దుర్లు లేవవచ్చు. ఇవి ప్రమాదకరం కావు. బొడ్డు చుట్టూ మొదలై నీటి పొక్కులుగా మారేది అరుదైన వేరొక వ్యాధి. దానికి చర్మవైద్యుని చికిత్స అవసరం.

వైద్య సహాయం

అరచేతుల దురద, నిద్రపట్టని దురద, పొక్కులు, కామెర్లు ఉంటే ఆశా కార్యకర్తకుగాని, ఏ.ఎన్.ఎం.కు గాని తెలిపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. దురద సంగతి అడిగితేనే చెప్పే అలవాటు మనవారిలో ఉన్నది, అడగకపోయినా చెప్పాలి. బిడ్డ కదలికలు తగ్గినట్లు తోస్తే 9వ తేదీ కోసం ఆగక 108కి ఫోను చేయాలి.

కాలేయ సంబంధమైన దురద కాన్పు తరువాత కొద్ది రోజులలో తగ్గిపోతుంది. తరువాతి గర్భంలో మళ్ళీ రావచ్చును కనుక, ఆ సంగతిని మొదటి పరీక్షనాడే వైద్యునికి తెలియజేయాలి. ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలతో కొందరిలో ఇదే దురద తిరిగి కనిపిస్తుంది.