ఐదు బోల్టుల లెక్క: మన ప్రాంతపు బండి చక్రం కథ

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పాత సంగతులేవైనా రాయమని కార్యవర్గం వారు అడిగారు. చెన్నకేశవస్వామి గుడి గురించి, పలకల పరిశ్రమ గురించి, కంభం చెరువు గురించి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను సర్వీసులో చాలాకాలం బండ్ల ఫైళ్ళు చూసిన గుమాస్తాను. కాబట్టి బండి చక్రం గురించే రాస్తున్నాను. ఇందులో చరిత్ర కొంత ఉంది, నా తప్పు కొంత ఉంది.

మన చిన్నతనంలో చక్రం అంటే ఎద్దులబండి చక్రమే. నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు, వాటిని కలుపుతూ పూటీలు, పైన ఇనుప పట్టా. పట్టాను నిప్పులో ఎర్రగా కాల్చి, చక్రానికి ఎక్కించి, నీళ్ళు కొడితే బిగుసుకునేది. ఇరుసు చివర కడసీల ఒక్కటే చక్రాన్ని జారిపోకుండా పట్టుకునేది. ఆ కాలంలో "ఈ చక్రం ఆ బండికి పడుతుందా?" అన్న ప్రశ్నకు జవాబు వడ్రంగి దగ్గరే దొరికేది. ఇరుసు చూసి కుండ తొలిచేవాడు ఆయనే. కొలత కాగితం మీద లేకపోయినా ఆయన చేతిలో ఉండేది.

తరువాత రబ్బరు టైర్ల డన్‌లప్ బండ్లు వచ్చాయి. వాటి చక్రాలు ఫ్యాక్టరీలో తయారై వచ్చేవి. కొలత వడ్రంగి చేతిలోనుంచి కంపెనీ కాగితంలోకి పోయింది. అసలు మార్పు అదేనని నాకు తోస్తుంది.

మోటారు సంగతికొస్తే, మన కచేరీలకు బాగా తెలిసిన బండి జీపు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపును 1947లో మహీంద్రా వారు బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడూ, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడి మనం అటు చేరినప్పుడూ, ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టినప్పుడూ అధికారుల కాంపులకు ఆ జీపే. దాని హబ్బుకు ఐదు బోల్టులు. ఆ ఐదింటి నడిమి బిందువులను కలుపుతూ గుండ్రంగా గీత గీస్తే, ఆ వృత్తం వ్యాసం ఐదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. మెకానిక్కులు దీన్నే పీసీడీ అంటారు. ఎన్నో ఏళ్ళు జీపు చక్రం జీపుకు పట్టేది కనుక ఈ కొలత గురించి మాకెవరికీ ఆలోచన రాలేదు.

1980ల నడుమ నుంచి పరిస్థితి మారింది. జపాన్ కంపెనీలతో కలిసి చిన్న సరుకు బండ్లు తయారుచేయడం మొదలైంది. ఆనాటి మన రాష్ట్రంలోనే మెదక్ జిల్లా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారయ్యాయి. రకరకాల బండ్లు, రకరకాల హబ్బులు. మా స్టాకు రిజిస్టరులో మాత్రం "చక్రము – 1" అన్న పాత మాటే.

నా తప్పు ఆ రోజుల్లోనే జరిగింది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో వెనుక సామాను తొట్టి కట్టించిన జీపు పికప్ ఉండేది. దాని ముందు ఎడమ రిమ్ము పగిలింది. కొత్తది కొనాలంటే ఇండెంటు, మూడు కొటేషన్లు, మంజూరు. ఆవరణలో కండెమ్ అయిన వేరే రకం బండి ఒకటి పడి ఉంది. దాని చక్రానికీ ఐదు రంధ్రాలే. "రంధ్రములు సమానము గనుక దీనినే వాడుకొనవచ్చును, ప్రభుత్వ ధనము ఆదా యగును" అని నోటు రాసింది నేనే. పైవారు సంతకం చేశారు.

తీరా బిగించబోతే, వృత్తంలో పావు అంగుళం పైచిలుకు తేడా. ఫిట్టరు ఆకురాయితో రంధ్రాలను కోలగా అరగదీసి ఎక్కించాడు. చూపులకు బాగానే ఉంది. పది రోజుల తరువాత డ్రైవరు వచ్చి, "సారూ, స్టీరింగు చేతిలో వణుకుతోంది. ఆ చక్రం సంగతి ఒకసారి చూడండి" అన్నాడు. నేను ఫైలు మీదనుంచి తల ఎత్తకుండా, "గాలి తక్కువయిందేమో చూసుకోవయ్యా" అన్నాను. మరి రెండు వారాలకు, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్లో దిగువమెట్ట వైపు పోతుండగా ఆ చక్రం ఊడిపోయింది. బండి లోయవైపు కాక కొండవైపు ఒరిగింది. డ్రైవరుకు కుడి భుజం ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

ఆసుపత్రిలో చూడబోతే, అతను నన్ను నిందించలేదు. "ఐదూ ఐదే గానీ సారూ, ఆ ఐదూ ఈ ఐదూ ఒకటి కాదు" అన్నాడు. ఆ మాట నాకు ఈనాటికీ వినబడుతుంది.

ఎందుకు ఊడిందో తరువాత మార్కాపురంలో ఒక పాత మెకానిక్కు విరిగిన పలకముక్క మీద సుద్దతో బొమ్మ గీసి చెప్పాడు. సక్రమంగా పట్టిన చక్రాన్ని నట్లు హబ్బుకు అదిమి పట్టి ఉంచుతాయి. ఆ అదుముడులోనే బలమంతా ఉంది. నట్టు ముఖం ఏటవాలుగా ఉండి, రిమ్ము రంధ్రంలోని పల్లంలో సరిగ్గా కూర్చోవాలి. రంధ్రం అరగదీస్తే ఆ పల్లం పోతుంది. నట్టు అంచు మీదే ఆనుతుంది. చక్రం నడిమికి రాదు. ప్రతి చుట్టుకూ కొంచెం కదులుతుంది. నట్లు వదులవుతాయి, బోల్టులు తెగుతాయి.

మన గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం గుర్తు తెచ్చుకోండి. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోయే ఆ మీటరుగేజిని 1990లలో బ్రాడ్‌గేజి చేశారు. వెయ్యి మిల్లీమీటర్ల పట్టా 1,676 అయింది. దానిపై నడిచే బండ్లు కూడా మారాయి. పాత బోగీని ఎలాగోలా కొత్త పట్టాపై నడుపుదామని ఎవరూ అనలేదు. రైలుకు ఇచ్చిన గౌరవం నేను జీపుకు ఇవ్వలేదు.

ఇప్పుడు మన పిల్లలూ మనవలూ పికప్‌లకు వెడల్పు చక్రాలు వేయించుకుంటున్నారు. వారికి రెండు మాటలు చెప్పండి. బోల్టుల సంఖ్య కలిస్తే చాలదు, వృత్తమూ కలవాలి. వృత్తం కలిసినా చాలదు, సంఖ్యా కలవాలి. తడ దగ్గర శ్రీసిటీలో 2016 నుంచి తయారైన ఇసుజు డి-మాక్స్ పికప్‌దీ 139.7 వృత్తమే, కానీ బోల్టులు ఆరు. జీపు రిమ్ము దానికి పట్టదు. నడిమి రంధ్రం, నట్టు ముఖం, రిమ్ము లోతు, మోయగల బరువు, ఇవన్నీ కూడా చూడాలి. ఐదు బోల్టులుంటే ఒక బోల్టు నడిమి నుంచి, పక్కదాన్ని వదిలి, ఆ అవతలి బోల్టు నడిమికి కొలిచి 1.05తో హెచ్చవేస్తే పీసీడీ వస్తుంది. నాలుగో ఆరో ఉంటే ఎదురెదురు బోల్టుల దూరమే పీసీడీ.

రెండు వరుసల బోల్టులున్న అడాప్టరు పలక వేసి వేరే చక్రం ఎక్కించే పద్ధతి ఉంది. రంధ్రాలు అరగదీయడం కంటె అది మేలే. అయినా చక్రం బయటికి జరుగుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. సరుకు మోసే బండికి అది తగదని నా అభిప్రాయం. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను కూడా, కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషను పత్రానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. ఏ చక్రం వేసినా, కొంతదూరం నడిపాక నట్లు మరొకసారి బిగించాలి.

ఆ ప్రమాదం తరువాత స్టాకు రిజిస్టరులో "బోల్టులు, వృత్తం" అని ఒక గడి ఎర్రసిరాతో నేనే గీశాను. రిటైరయ్యేదాకా ఆ గడి ఖాళీగా వదలలేదు. ఆ డ్రైవరు చేయి పూర్తిగా పైకి లేచేది కాదు. ఎప్పుడు ఎదురైనా సగం ఎత్తిన చేత్తోనే నాకు నమస్కారం పెట్టేవాడు. నేను రెండు చేతులూ ఎత్తి ప్రతినమస్కారం చేసేవాణ్ణి.