నిదానంగా నత్రజని అందించే ఎరువులు - అనంతపురం సేద్యంలో వాటి ఉపయోగం

అనంతపురం: వేపపూత యూరియా నిదానంగా కరిగే ఎరువు అన్న మాట వార్తలలోను, నివేదికలలోను తరచుగా కనిపిస్తున్నది. ఈ మాట పూర్తిగా సరికాదు. వేపపూత గల యూరియా కూడా తడి తగిలితే సాధారణ యూరియా వలెనే కరుగుతుంది. కరిగిన పిమ్మట నేలలో జరిగే మార్పులలో ఒక దశను మాత్రమే వేపనూనె నెమ్మదింపజేస్తుంది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంపై ఆధారపడిన అనంతపురం మెట్ట సేద్యంలో ఈ తేడా రైతు పెట్టుబడితో ముడిపడి ఉన్నందున, పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. నేలలో వేసిన యూరియా, యూరియేజ్ అనే ఎంజైము ప్రభావంతో కొద్ది రోజులలోనే అమ్మోనియం రూపంలోకి మారుతుంది. అనంతరం కొన్ని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాన్ని మొదట నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మారుస్తాయి. అమ్మోనియం మట్టి కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. నైట్రేటు మాత్రం నీటితో పాటు వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోతుంది. వరి మడిలోనైతే పైపొరలో ఏర్పడిన నైట్రేటు, గాలి సోకని కింది పొరకు చేరి వాయువుగా మారి పోతుంది. వరికి వేసిన నత్రజనిలో పైరుకు దక్కేది 30 నుండి 40 శాతమేనని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా.

వేపగింజలలోని చేదు పదార్థాలు పైన చెప్పిన సూక్ష్మజీవుల పనిని మందగింపజేస్తాయి. ఫలితంగా నత్రజని ఎక్కువ రోజులు అమ్మోనియం రూపంలో నిలిచి ఉంటుంది. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1970వ దశకం నుండి ఈ అంశంపై పరిశోధనలు జరిగాయి. అంతకంటె సులువైన పద్ధతి మన రైతులకు తెలిసినదే. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి, లేదా 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి వరికి వేయాలన్నది వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలాకాలంగా చేస్తూ వచ్చిన సిఫార్సు. ఫ్యాక్టరీ పూత వచ్చిన తరువాత ఈ పని చాలామంది మరచిపోయారు.

వేపపూత ఏమి చేయలేదో కూడా తెలుసుకోవలసి ఉన్నది. ఆరిన నేలపై చల్లిన యూరియా, మంచుకో చిరుజల్లుకో కరిగి, లోపలికి ఇంకకుండా పైననే ఉండిపోతే అందులోని నత్రజని అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది. క్షారగుణం గల నల్లరేగడులలో ఈ నష్టం మరింత అధికం. వేపనూనె దీనిని అరికట్టజాలదు. నత్రజని అమ్మోనియం రూపంలో ఎక్కువ కాలం నిలవడం వలన ఈ నష్టం కొంత పెరిగే అవకాశం కూడా లేకపోలేదు. కనుక పూత ఉన్నదన్న ధీమాతో బెట్ట సమయంలో యూరియా చల్లడం నిరుపయోగం. పదునులో వేసి మట్టిలో కలపడం, లేదా వేసిన వెంటనే తడి ఇవ్వడం తప్పనిసరి.

యూరియా తయారీకి అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రతల వద్ద కలుపుతారు. ఏర్పడిన ద్రావణాన్ని చిక్కబరచి, ఎత్తైన గోపురం పైనుండి తుంపరలుగా వదులుతారు. అవి కిందికి జారుతూ గాలికి చల్లబడి గుళికలవుతాయి. ఈ గుళికలు బస్తాలలోకి చేరకముందే వాటిపై వేపనూనెను పిచికారీ చేస్తారు. టన్ను యూరియాకు పట్టే నూనె కిలో కూడా ఉండదు. 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించిన రామగుండం ఎరువుల కర్మాగారం సాలుకు 12.7 లక్షల టన్నుల వేపపూత యూరియా తయారీ సామర్థ్యంతో నిర్మించబడినది. దేశంలో తయారయ్యే యూరియా యావత్తూ వేపపూతతోనే ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2015లో ఉత్తర్వులు జారీ చేసిన సంగతి విదితమే. రాయితీ యూరియా పరిశ్రమలకు మళ్ళకుండా చూడడం కూడా ఈ ఉత్తర్వుల ఉద్దేశాలలో ఒకటి.

నిజంగా నిదానంగా కరిగేవి వేరే ఉన్నాయి. గంధకపు పూత యూరియాను అమెరికాలోని టెన్నెస్సీ వ్యాలీ అథారిటీ 1960వ దశకంలో రూపొందించినది. తిరిగే పీపాలో వేడి గుళికలపై కరిగిన గంధకాన్ని చిమ్మి, పూతలోని సన్నని రంధ్రాలు మూసుకొనేటట్లు పైన మైనం పట్టిస్తారు. పూత పగిలిన కొద్దీ యూరియా బయటకు వస్తుంది. ప్లాస్టిక్ వంటి పాలిమర్ పొర గల గుళికలు, యూరియాను ఫార్మాల్డిహైడుతో కలిపి చేసే 38 శాతం నత్రజని గల ఎరువు ఖరీదైనవి. ఇవి ప్రధానంగా పచ్చిక మైదానాలకు, నర్సరీలకే పరిమితమైనాయి. వీటన్నిటికీ నేలలో తేమ ఉండవలసిందే.

2023 జూలై 27న రాజస్థాన్‌లోని సీకర్‌లో ప్రధానమంత్రి విడుదల చేసిన 'యూరియా గోల్డ్'లో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉంటాయి. నూనెగింజల పైర్లకు గంధకం అవసరం కావున వేరుశనగ రైతులు దీనిపై ఆసక్తి చూపడం సహజం. అయితే ఊడలు దిగే దశలో కాయ నిండుగా ఊరడానికి కావలసిన కాల్షియం ఇందులో లేదు. ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలన్న సిఫార్సుకు ఇది ప్రత్యామ్నాయం కాదు. పైగా వేరుశనగ తన వేరుబుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని తానే స్థిరీకరించుకొంటుంది. వర్షాధారపు పైరుకు ఎకరాకు 8 కిలోల నత్రజని, అనగా 18 కిలోల లోపు యూరియా సరిపోతుంది. ఇంత స్వల్ప మోతాదులో పూత వలన కలిగే ఆదా కూడా స్వల్పమే.

జిల్లాలో వేపపూత వలన చెప్పుకోదగిన మేలు తుంగభద్ర ఎగువ కాలువ కింద కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల వరి పొలాలలోను, నీరు త్వరగా ఇంకే తేలిక ఎర్రనేలలలో తడి కింద సాగయ్యే పైర్లలోను ఉన్నది. డ్రిప్పు గల చీనీ తోటల సంగతి వేరు. అక్కడ నీటితో పాటు కొద్దికొద్దిగా, పలు దఫాలుగా ఎరువు ఇచ్చే వీలున్నందున, పూత చేయవలసిన పనిని చాలావరకు పరికరమే చేస్తున్నది.

మరొక గమనిక. ఎరువుల మోతాదును బస్తాలలో పేర్కొనునపుడు జాగ్రత్త అవసరం. 2018 మార్చి 1 నుండి యూరియా బస్తా 50 కిలోలకు బదులు 45 కిలోలకు మారినది. పాత బస్తాలో 23 కిలోల నత్రజని ఉండగా, ఇప్పటి బస్తాలో 20.7 కిలోలు ఉంటుంది. 40 కిలోల యూరియా గోల్డ్ బస్తాలో ఉండేది 14.8 కిలోలు మాత్రమే.